మా పెద్దనాయన చేన్లో గాలిమర ఎంత పండిందో చెప్పండి

ఆంధ్రప్రదేశ్ ఇంధన శాఖ అధికారులకు, కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ అధికారులకు,

నమస్కారం.

నేను అనంతపురం జిల్లా ఉరవకొండ వైపు ఒక పల్లెలో పుట్టినదాన్ని. గాలి నుంచి కరెంటు తీసే విద్య మీద ఈమధ్యే పీహెచ్‌డీ పూర్తి చేశాను. వచ్చే నెల డెన్మార్క్‌లో ఉద్యోగంలో చేరుతున్నాను. కొత్తగా పెట్టబోయే గాలిమరలు ఏడాదికి ఎంత కరెంటు ఇస్తాయో ముందే లెక్కగట్టడం అక్కడ నా పని. సూట్‌కేసు సగం సర్ది పక్కన పెట్టాను. ఈ ఉత్తరం రాయకుండా విమానం ఎక్కడానికి మనసు ఒప్పుకోవడం లేదు.

ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికొచ్చాక ఊరికి వెళ్లాను. మా పెద్దనాయన చేన్లో 2016లో రెండు మెగావాట్ల గాలిమర పెట్టారు. దానికి ఆయన రెండెకరాలు ఇచ్చాడు. మిగిలిన చేన్లో ఇప్పటికీ బుడ్డలు, అంటే వేరుశెనగ, వేస్తాడు. ఆ సాయంత్రం గట్టు మీద కూర్చున్నాం. మర తిరుగుతోంది. మా ఊళ్లో దాన్ని ఫ్యాను అంటారు. రెక్క కిందికి వచ్చినప్పుడల్లా దాని నీడ బుడ్డల చేను మీదుగా మా కాళ్ల దాకా వచ్చి పోతోంది. పెద్దనాయన దానివైపు చూస్తూ అడిగాడు:

"పాపా, ఇంత సదువు సదివినావు కదా. ఆ ఫ్యాను పోయినేడు ఎంత పండిందో చెప్పు."

"నలభై లక్షల యూనిట్ల దాకా ఉండొచ్చు పెద్దనాయనా."

"ఉండొచ్చు అంటే?"

"అంచనా."

"అంచనా నేనూ చెప్తా. కాటా చెప్పు పాపా."

నలభై ఏళ్లుగా మార్కెట్ యార్డుకు బుడ్డలు తోలిన మనిషి ఆయన. బస్తా కాటా మీద పడేదాకా దిగుబడి అనే మాట నోట రానివ్వడు. ఆయన అడిగిన కాటా నా దగ్గర లేదు. దాదాపు ఆరేళ్లు ఆ గాలి కోసమే చదివాను, అయినా లేదు.

ఏం చెప్పాలో తెలియక ఫోన్ తీసి, డెన్మార్క్ ఇంధన సంస్థ అందరి కోసం పెట్టే ఒక ఎక్సెల్ షీటు తెరిచి చూపించాను. ఆ దేశంలో ఉన్న ప్రతి గాలిమరా అందులో ఒక వరుస. ఎక్కడ ఉంది, టవర్ ఎత్తు ఎంత, రెక్కల వెడల్పు ఎంత, ఏ తేదీన గ్రిడ్‌కు కలిపారు, ఏ ఏడాది ఎంత కరెంటు ఇచ్చింది, అన్నీ ఉంటాయి. తీసేసిన పాత మరలకు కూడా 1970ల చివరి నుంచి లెక్క ఉంది. 1980ల్లో జూట్‌లాండ్‌లో ఎవరో పెట్టుకున్న 55 కిలోవాట్ల చిన్న మర వరుస మీద వేలు పెట్టి చూపించాను. ఏడాదికొక అంకె, పక్కపక్కనే. పెద్దనాయన కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఇది ఎవరిది?"

"అక్కడి రైతుది అయ్యుంటుంది."

"వాళ్లది మనకు తెలుస్తాది. మనది మనకు తెలీదా?"

అయ్యా, అమ్మా, ఈ ఉత్తరంలో నేను అడగబోయేది ఆ ఒక్క మాటే. అనంతపురం, కర్నూలు, కడప గుట్టల మీద తిరిగే గాలిమరల కొలతలను ప్రజలకు తెరవండి. మర ఎంత ఇచ్చిందో, దాని ముందు గాలి ఎంత వీచిందో అందరికీ కనబడేలా పెట్టండి.

ఇది ఎందుకంత ముఖ్యమో నా చదువు సంగతి నుంచే చెబుతాను. నేను 2019లో పీహెచ్‌డీలో చేరాను. గాలిమర గాలిలోని శక్తిని లాగేసుకున్నాక దాని వెనక గాలి నీరసిస్తుంది, సుడులు తిరుగుతుంది. దాన్ని వేక్ అంటారు. వెనక వరుసలోని మరకు ఆ అలసిపోయిన గాలే అందుతుంది. డెన్మార్క్ పడమటి తీరాన ఉత్తర సముద్రంలో హార్న్స్ రెవ్ అనే చోట 80 మరలు ఉన్నాయి. 2008 ఫిబ్రవరిలో ఒకరోజు వాటి వెనక పొగమంచు తోకలు తోకలుగా పట్టింది, దాన్ని ఫొటో తీశారు. ఈ విద్య చదివే వాళ్లందరూ ఆ ఫొటో చూసే ఉంటారు. మొదటిసారి చూసినప్పుడు నాకు మా వజ్రకరూరు దారిలో వరుసగా నిలబడ్డ మరలు గుర్తొచ్చాయి. మనదగ్గర ఎన్నోచోట్ల మరలు బాగా దగ్గర దగ్గరగా ఉన్నాయి. కింద గుట్టలు, వాగులు, ఎర్ర నేల. మరి మన మరల వెనక గాలి ఎలా ఉంటుంది? అదే నా ప్రశ్న.

గాలి విషయంలో చిన్న తప్పు చిన్నదిగా ఉండదు. వేగం పది శాతం పెరిగితే గాలిలోని శక్తి 33 శాతం పెరుగుతుంది. కాబట్టి కొలతలో కాస్త తేడా వచ్చినా కోట్ల యూనిట్ల లెక్క తారుమారవుతుంది. బయట వాళ్లు తయారుచేసిన సూత్రాలు మనకు ఉన్నవి ఉన్నట్టు సరిపోవు కూడా. వాళ్ల లెక్కలు ఘనమీటరు గాలి 1.225 కిలోలు తూగుతుందన్న దగ్గర మొదలవుతాయి. అది సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల చల్లదనంలో తూగే బరువు. అనంతపురం ఎత్తులో, మన ఎండలో గాలి అంతకంటే పది శాతానికి పైగా పలచన. యూరప్‌లో వానచినుకులకు రెక్కల అంచులు అరిగిపోతున్నాయని దశాబ్దాలుగా పరిశోధన చేస్తున్నారు. మన రెక్కలకు పట్టేది ఎర్రదుమ్ము. ఇక మా గాలి సంగతి ఆ ప్రాంతంలో పెరిగిన ఎవరినడిగినా చెబుతారు. ఆషాఢం వచ్చిందంటే మనిషిని తోసుకుపోయేంత గాలి. మేఘాలొస్తాయి, నిలవవు, వాన పడకుండానే వెళ్లిపోతాయి. ఏడాదిలో వచ్చే గాలి కరెంటులో సగానికి పైగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ నాలుగు నెలల్లోనే వస్తుంది. అదే కార్తీకంలో బుడ్డలు తూర్పారబట్టాలంటే మా అవ్వ చేట పట్టుకుని గాలి కోసం గంటలు గంటలు కాచుకునేది. పగలు నేల కాలి గాలి కిందా మీదా కలిసిపోతుంది, రాత్రి నేల చల్లబడ్డాక పొరలు పొరలుగా విడిపోతుంది. రాత్రి పూట మర నెత్తిన ఒక వేగం, మోకాళ్ల దగ్గర ఇంకో వేగం. వెనక పడే నీరసపు గాలి కూడా రాత్రుళ్లే ఎక్కువ దూరం సాగుతుంది. ఇదంతా మా ఊరి గాలికి కొలిచి చూడాలని నా ఆశ.

ఆ కొలతల కోసం ఒక కంపెనీకి రాశాను. సమాధానం రాలేదు. ఇంకో కంపెనీలో ఒక సీనియర్ ఇంజనీరు చాలా మర్యాదగా మాట్లాడి, "ఇవ్వాలనే ఉందమ్మా, నా చేతుల్లో లేదు" అన్నారు. ఒక ప్రభుత్వ కార్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. ఆ చట్టంలో 8(1)(డి) కింద వాణిజ్య గోప్యత అని ఒక మినహాయింపు ఉంది, అది చూపించి కుదరదన్నారు. అదే క్లాజులో ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చని కూడా ఉంది. అప్పీలు చేశాను, అదే జవాబు. ఏ కార్యాలయమో, ఏ కంపెనీయో ఇక్కడ రాయను. ఆ సంతకం పెట్టిన ఉద్యోగి మీద నాకు కోపం లేదు. ఇవ్వడానికి ఒక పద్ధతంటూ లేనప్పుడు ఇవ్వకపోవడమే ఎవరికైనా క్షేమం.

ఇలా రెండేళ్లు గడిచాక మా గైడ్ నన్ను కూర్చోబెట్టి చెప్పారు: "ఇంకా ఎదురుచూస్తే నీ పీహెచ్‌డీ పూర్తికాదు. దొరికిన గాలి మీద చెయ్యి." నెదర్లాండ్స్‌లో కబౌ అనే చోట 213 మీటర్ల టవర్ ఉంది. 1972 నుంచి అది గాలిని కొలుస్తోంది, ఆ కొలతలు ఎవరైనా తీసుకోవచ్చు. జర్మనీ వాళ్లకు ఉత్తర సముద్రంలో ఫినో-1 అనే గాలి కొలిచే వేదిక ఉంది, పరిశోధకులకు దాని కొలతలు ఇస్తారు. ఇంగ్లండ్‌లో, ఫ్రాన్స్‌లో కొన్ని కంపెనీలు తమ మరల నుంచి పది నిమిషాలకొకసారి నమోదైన కొలతలను వాళ్లంతట వాళ్లే ఇంటర్నెట్‌లో పెట్టాయి. హాస్టల్ గదిలో కూర్చుని ఒక్క మధ్యాహ్నంలో అవన్నీ దించుకున్నాను. ఆ రోజు సంతోషం వేసింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

నాకు ఫెలోషిప్ మొదట నెలకు 31,000 రూపాయలు, చివరికి 42,000. అది మన ప్రజల డబ్బు. ఆ డబ్బుతో నేను యూరప్ గాలి మీద థీసిస్ రాశాను. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మొదట అడిగిందే అది: "అనంతపురం అమ్మాయివి. ఆ గాలి వదిలేసి ఈ గాలి మీద ఎందుకు చేశావు?" చివరి వరుసలో మా నాయన కూర్చుని ఉన్నాడు. "కొలతలు అక్కడే దొరికాయి సార్" అని మాత్రం అనగలిగాను. ఆయన తల ఊపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. బయటికొచ్చాక నాయన అడిగాడు, "ఆ సారు అడిగినదానికి నువ్వు సరిగ్గా చెప్పలేదేమో కదమ్మా?" అని.

ఉద్యోగం కూడా అలాగే వచ్చింది. నా థీసిస్ వాళ్ల గాలి మీద ఉంది కాబట్టి వాళ్లకు పనికొచ్చింది. ఇక్కడ ఉద్యోగాలు లేవని నేననను. చెన్నైలో, బెంగళూరులో గాలిమరల కంపెనీలకు పెద్ద ఆఫీసులున్నాయి, మా సీనియర్లు చాలామంది చేరారు. వాళ్లలో ఎక్కువమంది స్క్రీన్ మీద చూసేదీ యూరప్, అమెరికా మరల లెక్కలే. దేశం విడిచి పోతున్నావా అని బంధువులు అడుగుతున్నారు. నా చదువు ఎప్పుడో దేశం దాటింది, నేను ఇప్పుడు దాని వెనక వెళ్తున్నాను.

డెన్మార్క్ పుట్టుకతోనే గాలి దేశం ఏమీ కాదు. 1973 చమురు సంక్షోభం వచ్చేనాటికి వాళ్లకు కావలసిన ఇంధనంలో ఎక్కువ భాగం దిగుమతి చమురే. ఆ తర్వాత మరలు పెట్టింది ఎక్కువగా రైతులు, వడ్రంగులు, కమ్మరులు, ఊరి సహకార సంఘాలు. 1978లో మరల యజమానులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. తమ పత్రికలో ఎవరి మర ఎంత కరెంటు ఇచ్చిందో, ఏది ఎందుకు ఆగిపోయిందో నెలనెలా అచ్చువేసుకున్నారు. ఏ కంపెనీ మర గట్టిదో, ఏది విరిగిందో ఊరందరికీ తెలిసిపోయేది. చెడ్డ మర అమ్మిన కంపెనీకి దాక్కునే చోటు లేదు, మంచి మర చేసిన కంపెనీకి వేరే ప్రచారం అక్కర్లేదు. అదే 1978లో రిసో అనే చోట ప్రభుత్వం గాలిమరల పరీక్షా కేంద్రం పెట్టింది. మరుసటి ఏడు నుంచి, అక్కడ ఆమోదం పొందిన మర కొనుక్కుంటే ఖర్చులో 30 శాతం ప్రభుత్వం ఇచ్చింది. ఇవాళ ఆ దేశం వాడే కరెంటులో సగానికి పైగా గాలిదే. నన్ను పనిలోకి తీసుకున్న కంపెనీలాంటివి ఆ లెక్కల పుస్తకం మీద నిలబడి పెరిగాయి. నేను వాళ్లను పొగడటానికి ఇది రాయడం లేదు. 1990ల్లోనే మన రామగిరి గుట్టల మీద గాలిమరలు తిరిగాయి. మనం మరీ వెనక మొదలుపెట్టినవాళ్లం కాదు. ఆ మరలు ఏ ఏడు ఎంత ఇచ్చాయి, ఏది ఎందుకు ఆగింది, అన్నీ నెలనెలా అచ్చువేసి ఉంటే ఇవాళ మన పిల్లల చేతుల్లో ముప్పై ఏళ్ల పాఠం ఉండేది.

కంపెనీలు ఒప్పుకోవు, వ్యాపార రహస్యాలు బయటపడతాయి అని మీరు అంటారని నాకు తెలుసు. అందులో కొంత నిజం ఉంది. కొత్త చోటు వెతుక్కుంటూ సొంత డబ్బుతో మాస్ట్ అనే ఎత్తైన స్తంభం పెట్టి గాలి కొలిచిన కంపెనీ, ఆ కొలతలను మరుసటి రోజే పోటీదారు చేతిలో పెట్టమంటే అన్యాయమే. దానికి గడువు పెట్టండి. మరలు గ్రిడ్‌కు కలిసిన రెండు మూడేళ్లకు తెరవమనండి. బ్రిటన్‌లో సముద్రగర్భం లీజుకిచ్చే క్రౌన్ ఎస్టేట్, కంపెనీలు తీసిన సర్వే కొలతలను తమకు ఇవ్వాలని లీజులోనే షరతు పెడుతుంది, గోప్యత గడువు తీరాక వాటిని అందరికీ తెరుస్తుంది. అక్కడ కంపెనీలేవీ పారిపోలేదు. మనకు ఆ అలవాటు బొత్తిగా లేదని కూడా కాదు. గుజరాత్‌లో ఖంబాత్ సింధుశాఖలో 2017 నవంబరులో మన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ విండ్ ఎనర్జీ లైడార్ (లేజరుతో గాలిని కొలిచే పరికరం) పెట్టి కొలిచిన సముద్రపు గాలి కొలతలను మీరే బయటపెట్టారు. కట్టని మరల కోసం ఖంబాత్ గాలిని తెరిచినప్పుడు, ఏళ్లుగా మరలు తిరుగుతున్న రాయలసీమ గాలిని ఎందుకు మూసి ఉంచాలి?

ఇక కరెంటు లెక్క సంగతి. అది రహస్యం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. ఆ కరెంటు కొనేది డిస్కంలు, అంటే పంపిణీ సంస్థలు; బిల్లు కట్టేది మా పెద్దనాయన, మీరు, నేను. మీటరు ఉంది, బిల్లు ఉంది. 2017లో విద్యుత్ నియంత్రణ మండలి తెచ్చిన నిబంధనతో గాలి, సౌర కేంద్రాలు తర్వాతి రోజు ఎంత ఇస్తాయో 15 నిమిషాలకొకటి చొప్పున రోజుకు 96 అంకెలు ముందే చెప్పాలి. చెప్పినదానికీ ఇచ్చినదానికీ తేడా చూడాలంటే ఇచ్చినదాన్ని కూడా 96 సార్లు నమోదు చేయాల్సిందే. అంటే మేము అడిగేది కొత్తగా పుట్టించాల్సింది కాదు. ఏదో కంప్యూటర్‌లో ఇప్పటికే ఉంది.

2019 జూలైలో గాలి, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలు తగ్గించాలని రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసినప్పుడు నేను పీహెచ్‌డీలో చేరి నెల కూడా కాలేదు. ఆ వివాదం కోర్టులకెక్కి, 2022 మార్చిలో హైకోర్టు తీర్పు దాకా నడిచింది. ఎవరిది న్యాయమో చెప్పడం ఈ ఉత్తరం పని కాదు. కానీ ఆ మూడేళ్లూ టీ కొట్టు దగ్గర, టీవీ చర్చల్లో, మా ల్యాబ్‌లో కూడా గాలి కరెంటు మీద ఊహలతోనే కొట్లాడుకున్నాం. ఏ కేంద్రం ఏ నెల ఎంత ఇచ్చిందో ఒక షీటు అందరి ముందూ ఉండుంటే కనీసం అంకెల దగ్గర గొడవ ఉండేది కాదు.

2024 అక్టోబరులో రాష్ట్రం కొత్త క్లీన్ ఎనర్జీ పాలసీ ప్రకటించింది, లక్ష్యం 160 గిగావాట్లకు పైగా (గిగావాటు అంటే వెయ్యి మెగావాట్లు). 150 మీటర్ల ఎత్తులో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 123 గిగావాట్ల గాలి విద్యుత్తుకు అవకాశం ఉందని కేంద్రం లెక్క. ఇప్పటికి మనం పెట్టుకున్నవి సుమారు 4 గిగావాట్లు. అంటే రాబోయే మరలే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ భూముల కాగితాలు ఇప్పుడు మీ బల్లల మీదే ఉన్నాయి. వాటిలో ఒక షరతు చేర్చండి: నెలకు ఒకసారి ఉత్పత్తి లెక్క, గడువు తీరాక మాస్ట్ కొలతలు, రెండూ ప్రజల ముందు ఉంచాలి. పాతవాటికి ఒప్పందాలు అడ్డొస్తే ముందు నెలవారీ ఉత్పత్తి ఒక్కటే పెట్టండి. మరకొక వరుస కష్టమైతే, చుట్టుపక్కల మరల కరెంటంతా చేరే పూలింగ్ సబ్‌స్టేషన్‌కు ఒక వరుస పెట్టండి, సర్దుకుంటాం. రోజురోజు కొలతలు కావాల్సిన పరిశోధక విద్యార్థులకు, బయట పెట్టబోమని సంతకం తీసుకుని ఇచ్చే పద్ధతి ఒకటి పెట్టండి. అడిగితే ఎవరికి రాయాలో, ఎన్ని రోజుల్లో జవాబొస్తుందో అందులో రాసి ఉండాలి. నేను రెండేళ్లు పోగొట్టుకున్నది అది లేకనే.

నా తర్వాత మా ల్యాబ్‌లో ఒక చెల్లి చేరింది. కడప జిల్లా అమ్మాయి. తనకూ మన గాలి మీదే చేయాలని ఉంది. నేను వచ్చేసే ముందు రోజు, నేను రాసిన ఉత్తరాల కాపీలు, వచ్చిన జవాబులు ఒక ఫైల్లో పెట్టి తనకిచ్చాను. మళ్లీ మొదటి నుంచి అన్నీ రాస్తానంది. ఆ అమ్మాయి దరఖాస్తు మీ దగ్గరికి వస్తుంది. దయచేసి చదవండి.

ఒక్క షీటుతో మొదలుపెట్టండి. మా ఉరవకొండ వైపు మరలతోనైనా సరే. మా పెద్దనాయన చేన్లోని టవర్ తలుపు పక్కన ఒక నంబరు పెయింటుతో రాసి ఉంటుంది. ఆయనకది నోటికి వచ్చు. ఆషాఢం గాలి లేవగానే నాకు ఫోన్ చేస్తానన్నాడు, మళ్లీ అదే అడుగుతాడు. ఆ నంబరు ఎదురుగా కాటా ఎంతో చదివి చెప్పాలని ఉంది.

ఇట్లు,
ఉరవకొండ వైపు నుంచి, డెన్మార్క్ బయల్దేరుతున్న ఒక గాలి విద్యార్థిని